నిజము చెప్పినవానికే నష్టమా?

సంపాదకులకు,

మా లంజిపల్లిలో ఒక గృహస్థు ఇటీవల నన్నొక సలహా అడిగినారు. వారి కుమారునికి బాల్యమున ఏడీహెచ్‌డీ, అనగా మనస్సు ఒకచోట నిలువని స్థితి, ఉన్నదని వైద్యులు చెప్పి మందిచ్చిరి. కుర్రవాడు చక్కగా చదువుకొని, ఇప్పుడు సరదాకు విమానము నడుపుట నేర్వదలచినాడు. "ఆ పాత మందుచీటీ సంగతి వైద్యపరీక్ష పత్రములో వ్రాయకున్న నేమి?" అని తండ్రి ప్రశ్న. వ్రాయవలసినదే యంటిని. కాని ఇట్టి ప్రశ్న ఎందుకు పుట్టినదో ఆలోచింపదగును.

మనదేశములో ప్రైవేటు పైలట్ లైసెన్సునకు 17 ఏండ్లు నిండవలెను. పౌర విమానయాన శాఖ ఆమోదించిన వైద్యుని వద్ద రెండవ తరగతి వైద్యపరీక్షలో నెగ్గవలెను. 1944 నాటి చికాగో ఒడంబడికకు అనుబంధమైన ప్రమాణములలో, బాల్యమున ఆరంభమగు ప్రవర్తనా దోషములు కూడ అనర్హతలలో నున్నవి. అయితే విమానమును క్షేమముగా నడుపుటకు అవి అడ్డు వచ్చునట్టివైనప్పుడే యని కూడ అందే యున్నది. అనగా జబ్బు పేరు కాదు, దాని ప్రభావము ముఖ్యము.

అమెరికా సంగతి చూడుడు. నాలుగేండ్లుగా మందు మాని, లక్షణములు లేక నిలకడగా నున్నవారికి 2023లో అచట సులువైన మార్గమేర్పరచిరి. ఇది మెచ్చదగినదే. కాని చిన్న విమానములకు కారు లైసెన్సున్న చాలునని 2004లోనే అనిరి గదా, వైద్యపరీక్షకు దరఖాస్తు పెట్టి తిరస్కరింపబడినవానికి ఆ వెసులుబాటు లేదు. దరఖాస్తే పెట్టనివాడు తన ఆరోగ్యము సరిగా నున్నదని తానే నిర్ణయించుకొని ఎగురవచ్చును! నిజము చెప్పినవానికి దండన, ఊరకున్నవానికి బహుమానము.

కట్టుదిట్టములు వలదని నేననను. విమానము నడుపువాడు క్షణము పరధ్యానమున బడిన, అతనికే కాదు, క్రింద నున్న ఊరికిని ముప్పే. కాని భయము చేత దాచిన జబ్బు, చెప్పిన జబ్బు కంటె ప్రమాదకరము. లైసెన్సు కొరకు వైద్యుని అడుగకయే మందు మానిపించు తల్లిదండ్రులును ఉండవచ్చును.

కనుక ఎన్నేండ్ల నిలకడ చాలునో, ఏ పరీక్షలు చేయుదురో, కాదన్నచో ఎవరికి మొరపెట్టుకొనవలెనో పౌర విమానయాన శాఖవారు సామాన్యునికి తెలియు మాటలలో, ప్రాంతీయ భాషలలో ప్రకటింపవలెను. అప్పుడు మా పొరుగు తండ్రి వంటివారు కలము పట్టి నిజము వ్రాయుటకు జంకరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
లంజిపల్లి, బరంపురం