డెడ్‌బాడీ కాగితాలతో పాటే పిల్లల ముచ్చట కూడా కదలాలె

ఇయ్యాల శుక్రవారం, చాలామందికి సెలవు. పోస్టు కొంచెం పెద్దగున్నది, ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి.

సౌదీలో మనోడు ఎవరన్నా చనిపోతే పని ఎట్ల నడుస్తదో మనందరికీ తెలుసు. ఆస్పత్రి రిపోర్టు, పోలీసు రిపోర్టు, ఇంటి నుంచి భార్య సంతకం పెట్టిన అఫిడవిట్, రియాద్ ఎంబసీ లేదా జెద్దా కాన్సులేట్ ఇచ్చే ఎన్‌ఓసీ, పాస్‌పోర్టు క్యాన్సిల్, కార్గో బుకింగ్. మన తెలుగు సోషల్ వర్కర్లు డ్యూటీ అయినంక నిద్ర మానుకొని, సొంత పెట్రోలు పోసుకొని ఈ ఆఫీసుల చుట్టూ తిరుగుతరు. వాళ్లకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. పెట్టె శంషాబాద్‌ల దిగుతది, అంబులెన్స్ ఊరికి పోతది, గ్రూపుల "పని అయిపోయింది" అని మెసేజ్ వస్తది.

మేము అడిగేది ఒక్కటే. నిజంగా పని అక్కడితో అయిపోయిందా? ఆ ఇంట్ల ఉన్న పిల్లలను ఎవరు చూస్తున్నరు?

కంపెనీ నుంచి రావాల్సిన పైసల కోసం తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పిస్తం. అండ్ల పిల్లల పేర్లు, వయసులు ఉంటయి. అంటే సమాచారం మన చేతులనే ఉన్నది. కానీ ఆ కాగితం పైసలు పంచుటానికే అక్కరకొస్తున్నది, పిల్లలను కాపాడుటానికి కాదు.

తర్వాత ఏమైతది? అప్పిచ్చినోళ్లు ఇంటికొస్తరు. తల్లి ఒక్కతే బీడీలు చుట్టి ఎంతని నెట్టుకొస్తది? పెద్దబిడ్డ బడి మాని చాట ముందల కూసుంటది. పది అయిందో లేదో సంబంధాలు చూస్తరు. తల్లి కూడా గల్ఫ్‌లనే ఇంటిపని చేస్తుంటే పిల్లలు చుట్టాల పంచన ఉంటరు. అక్కడ ఎవరన్నా కొట్టినా, పాడుపని చేసినా చెప్పుకునే దిక్కుండదు. జైల్ల ఉన్నోడు, హురూబ్ పడి దాక్కున్నోడు, ఆస్పత్రిల మంచం పట్టినోడు, వీళ్ల పిల్లలకు కూడా ఇదే ముప్పు.

మనం పని చేసే ఈ దేశాన్నే చూడండి. 2013ల హింస నుంచి రక్షణ చట్టం తెచ్చిన్రు, 2014ల బాలల రక్షణ చట్టం తెచ్చిన్రు. హింస సంగతి తెలిసినోళ్లు ఎవరైనా వెంటనే చెప్పాలని చట్టంలనే ఉన్నది. చెప్పుటానికి 1919 నంబర్ ఉన్నది, పిల్లల కోసం 116111 ఉన్నది. డాక్టరు చూసింది సోషల్ వర్కర్‌కు, అక్కడి నుంచి పోలీసులకు చేరాలనేదే దీని వెనుక ఉన్న ఆలోచన. ఒక్కరు చూసి ఊకుంటే పిల్లవాడు దక్కడు.

మన దగ్గర చట్టం లేదా? ఉన్నది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద జిల్లాకో బాలల సంక్షేమ కమిటీ ఉంటది, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉంటది. వాళ్ల సోషల్ వర్కర్ ఇంటికొచ్చి విచారణ చేసి రిపోర్టు రాస్తరు. మిషన్ వాత్సల్య కింద తండ్రి చనిపోయి తల్లి దగ్గర ఉన్న పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉన్నది. ఆదాయ పరిమితి ఉంటది, అర్హత వాళ్లే చూస్తరు. దాన్ని మంజూరు చేసే కమిటీకి పెద్ద కలెక్టరే. తెలంగాణల గల్ఫ్ మృతుల కుటుంబాలకు ఇచ్చే 5 లక్షల ఎక్స్‌గ్రేషియా దరఖాస్తు పోయేది కూడా కలెక్టర్‌కే. ఒకే ఆఫీసుకు పోతున్నప్పుడు రెండో దరఖాస్తు ఎందుకు పోతలేదు? అడిగేటోడు లేక.

"సర్కారోళ్లు వస్తే పిల్లలను హాస్టల్‌కు గుంజుకపోతరు" అని కొందరు భయపడుతరు. చట్టం చెప్పేది వేరు. పిల్లలు కుటుంబంలనే పెరగాలె, హోమ్‌ల పెట్టుడు ఆఖరి మార్గం. స్పాన్సర్‌షిప్ ఇచ్చేదే తల్లి నుంచి బిడ్డ విడిపోవద్దని.

అందుకని సోషల్ వర్కర్ అన్నలకు మా మనవి మూడు ముక్కలు.

ఒకటి: ఎన్‌ఓసీ కాగితాలు నింపేటప్పుడే ఇంట్ల 18 ఏండ్ల లోపు పిల్లలు ఎంతమంది, ఎవరి దగ్గర ఉన్నరు, బడికి పోతున్నరా అని అడిగి రాసుకోండి.

రెండు: ఆ వివరం జిల్లా బాలల పరిరక్షణ అధికారికి అదే వారంల చేర్చండి. ఈడికెల్లి 1098 కలవదు, కాబట్టి ఊర్ల నమ్మకమున్న మనిషితోటి చేయించండి. అంగన్‌వాడీ టీచర్, బడి హెడ్‌మాస్టర్ ఎవరైనా పర్వాలేదు. నెల తర్వాత ఏమైందని మళ్ల అడగండి.

మూడు: చందాల కోసం పిల్లల ఫొటోలు, ఊరు పేరు, తల్లి నంబరు గ్రూపులల్ల పెట్టుడు బంద్ కావాలె. రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెడితే అదే చట్టంల 74వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు, 2 లక్షల జరిమానా దాకా ఉన్నది. శిక్ష సంగతి పక్కన పెట్టండి. దిక్కులేని ఆడపిల్ల ఏ ఇంట్ల ఉన్నదో లోకానికంతా చూపించుడు సాయమా?

సోషల్ వర్కర్ ఒక్కడే అన్నీ చేయాలని మేము అంటలేం. రియాద్‌ల ఉన్నోడు, జగిత్యాలల ఉన్నోడు, కలెక్టరేట్‌ల ఉన్నోడు ఒకరికొకరు ఫోన్ చేసుకోవాలె, అంతే. శవం వేల కిలోమీటర్లు పోతున్నది. పిల్లల పేర్లున్న ఒక్క కాగితం దానితో పోలేదా?

మీ మీ గ్రూపులల్ల ఉన్న సోషల్ వర్కర్లకు ఈ ముచ్చట చేరేటట్టు షేర్ చేయండి. మీ జిల్లా అధికారి నంబరు తెలిస్తే కామెంట్ల పెట్టండి. పిల్లల పేర్లు మాత్రం పెట్టకండి.