మూతవేసిన సీసాలో ఏమున్నది?

ప్రియ చదువరీ, ఒకడు నీ గుమ్మమునొద్దకు సీసా పట్టుకొని వచ్చి, ఇది దగ్గుకు, క్షయకు, కడుపునొప్పికి, పక్షవాతమునకు, మూర్ఛకు, సమస్త రోగములకును మందని చెప్పి, దీనిలో ఏమున్నదని నీవు అడిగినప్పుడు అది మా రహస్యమని బదులిచ్చినయెడల, నీవేమి చేయుదువు? తలుపు మూయుదునందువు. మంచిది. ఐనను విక్టోరియా రాణి కాలమున, అనగా 1837 మొదలు 1901 వరకు, ఇంగ్లండు దేశములో లెక్కలేనన్ని యిండ్లవారు అట్టివానికి తలుపు తీసిరి. వారు నీకంటెను నాకంటెను తెలివితక్కువవారు కారు. గనుక వారెట్లు మోసపోయిరో తెలిసికొనుట మనకు అవసరము.

ఆ మందులను పేటెంటు మందులనిరి. మొదటి అబద్ధము ఆ పేరులోనే యున్నది. నిజమైన పేటెంటు కావలెనన్న మందు చేయు విధమును బయలుపరచవలెను. వీటిలో అనేకములకు పేటెంటే లేదు. ఉన్నది పన్నుముద్ర మాత్రమే. 1783లో ప్రభుత్వము ఈ మందులమీద పన్ను విధించెను. షిల్లింగు మందుకు పన్ను ఒకటిన్నర పెన్నీ. పన్ను కట్టినందుకు గుర్తుగా ప్రభుత్వపు ముద్రకాగితమును ప్రతి పెట్టెమీదను సీసామీదను అతికించిరి. బీదవాడు ఆ ముద్రను చూచి, దొరతనమువారే దీనిని పరీక్షించి పంపిరి కాబోలునని నమ్మెను. అమ్మువాడు ఆ నమ్మకమును చెరపలేదు, దానిమీదనే వ్యాపారము కట్టుకొనెను. ముద్ర పన్నునకే సాక్షి, మందునకు కాదు.

ఇక పెట్టెలో ఏమున్నది? బీచమ్ మాత్రలు ఆ దేశములో పేరెరుగని యిల్లు లేదు. పెట్టె ఒక గినీ విలువ చేయునని చాటిరి. అనగా 21 షిల్లింగులు. 1909లో బ్రిటిషు వైద్యసంఘమువారు ఇట్టి మందులను పరీక్ష చేయించి "సీక్రెట్ రెమెడీస్" అను పుస్తకము ప్రకటించిరి. ఆ మాత్రలలో కనబడినవి ముసాంబరము, శొంఠిపొడి, సబ్బు. 56 మాత్రల సరుకు ఖరీదు అర ఫార్దింగు, అనగా పెన్నీలో ఎనిమిదవ భాగము. అమ్మిన వెల పన్నుతో కలిపి 13½ పెన్నీలు. ముసాంబరము విరేచనము చేయును, అది నిజమే. విరేచనమునకు అని చెప్పి అమ్మినయెడల ఎవడును తప్పుపట్టడు. తలనొప్పి మొదలుకొని నిద్రలేమివరకు అన్నిటికిని అని చెప్పి అమ్ముటయే మోసము.

సబ్బుతో పోయినది డబ్బు మాత్రమే. కొన్ని సీసాలతో ప్రాణములు పోయినవి. గాడ్‌ఫ్రే కార్డియల్ అను తియ్యని పానకమును తల్లులు పసిబిడ్డలకు పట్టుచుండిరి. దానిలో నున్నది బెల్లపుపాకమును నల్లమందును. తెల్లవారకముందే మిల్లుకు పోవలసిన తల్లికి ఏడ్వని బిడ్డ కావలెను. చెంచాడు పోసినంత బిడ్డ ఊరకుండెను, పాలకును లేవకుండెను, దినదినము చిక్కిపోయెను. నల్లమందు సీసా అడుగున దిగుటచేత, కడపటి చెంచా ఒక్కొకప్పుడు ప్రాణమునే తీసెను. తల్లిని నిందింపవచ్చునా? ఆమెకు ఎవడును ఆ సీసాలో ఏమున్నదో చెప్పలేదు. 1868లో పార్లమెంటు నల్లమందు అమ్మకమునకు కట్టుదిట్టములు చేసి, విషమని చీటి అతికింపవలెనని శాసించెను గాని, పేటెంటు మందులను ఆ చట్టమునుండి తప్పించెను. చూడుము, చదువరీ! అంగడిలో విడిగా అమ్మిన నల్లమందు విషము, ముద్రవేసిన సీసాలోని నల్లమందు మందు!

మన దేశమునకును ఈ కథతో సంబంధమున్నది. కోలిస్ బ్రౌన్ అను పట్టాళపు వైద్యుడు ఇండియాలో పనిచేసిన కాలమున కలరా కొరకు క్లోరోడైన్ అను మందు చేసెను. నల్లమందు సత్తు, గంజాయి సత్తు, క్లోరోఫారము దానిలోనివి. అది నొప్పి నణచెను, విరేచనములను కట్టెను. ఆ మేరకు అది పనిచేసిన మందే. అయితే దానిని దగ్గుకును జలుబుకును నిద్రకును అమ్మగా, అనేకులు దానికి బానిసలైరి, కొందరు చనిపోయిరి. పనిచేయు మందు అబద్ధముతో అమ్మబడినప్పుడు, పనిచేయని మందుకంటె అపాయకరమగును.

"ఇంతమంది బాగుపడితిమని వ్రాసిరి గదా" అని నీవు అడుగవచ్చును. అవును, సాక్ష్యములు పత్రికలనిండ నుండెను. సైనికాధికారుల పేరట, ప్రభువుల పేరట, పాదిరుల పేరటకూడ అచ్చువేసిరి. సంఘములో సాక్ష్యమను మాటను మనము ఎంతో గౌరవింతుము. అందుచేతనే ఇచ్చట జాగ్రత్తపడవలెను. మంచి మనుష్యుడు మంచి మనస్సుతో చెప్పిన మాటయైనను వైద్యపరీక్ష కానేరదు. జలుబు వారములో తనంతట తగ్గును, కీర్తి సీసాకు పోవును. బాగుపడినవాడు ఉత్తరము వ్రాయును, చనిపోయినవాడు వ్రాయడు. మారిసన్ అనువాడు తన మాత్రలు సర్వరోగ నివారణమనియు, తగ్గనియెడల మరి యెక్కువ మ్రింగవలెననియు బోధించెను. మోకాలినొప్పికి వాటిని మ్రింగి మ్రింగి ఒక ఓడ కెప్టెను మరణించెను. 1836లో న్యాయస్థానము అమ్మిన ఏజెంటును నరహత్య దోషిగా తీర్చి 200 పౌనుల జరిమానా విధించెను. ఆ కెప్టెను సాక్ష్యము ఏ ప్రకటనలోను అచ్చుపడలేదు.

ఒక్క స్త్రీ మాత్రము వారిని మాటకు కట్టెను. కార్బాలిక్ స్మోక్ బాల్ అను పొగమందును పీల్చిన తరువాత ఇన్‌ఫ్లుయెంజా వచ్చినయెడల 100 పౌనులిత్తుమని ప్రకటించిరి. 1,000 పౌనులు బ్యాంకులో వేసితిమనియు చెప్పిరి. కార్లిల్ అను నామె చెప్పినట్టు దినమునకు మూడుమారులు పీల్చెను, జ్వరము వచ్చెను. అది ఊరక గొప్పగా పలికిన మాట యని కంపెనీవారు తప్పించుకొనజూచిరి. 1892లో న్యాయాధిపతులు ఒప్పుకొనలేదు, సొమ్ము కట్టించిరి. నమ్మించుటకు ఒక మాట, నిలుచుటకు వేరొక మాట యుండరాదని ఆ తీర్పు చెప్పినట్టాయెను.

మరియొక వాదము మిగిలియున్నది. "హాలోవే మాత్రల దొర ఆ ధనముతోనే స్త్రీలకు కళాశాల కట్టించెను గదా? 1886లో విక్టోరియా రాణియే దానిని తెరచెను" అందురు. కళాశాల మంచిదే, అందు చదివినవారు ధన్యులే. ఐనను ఆ యిటుకలు ఎవరి పెన్నీలు? రొట్టె తగ్గించుకొని మాత్రలు కొన్న కూలివాని పెన్నీలు. ధర్మకార్యము ధనము ఖర్చు చేసిన రీతిని శుద్ధి చేయునుగాని, సంపాదించిన రీతిని శుద్ధి చేయదు. వైద్యుని రుసుము బీదవానికి అందదు గనుక ఈ మందులే గతియని కొందరందురు. రుసుము అందనిమాట నిజము. ఆనాటి వైద్యులును రక్తము తీసి, పాదరసమిచ్చి రోగులను కృశింపజేసినది నిజము. అయితే ఆకలిగొన్నవానికి రొట్టె దొరకదని రాయి అమ్మవచ్చునా?

మరి ఇంతకాలము ఎవరును ఏల అడ్డుపడలేదు? పత్రికలు ప్రకటనల సొమ్ముతో బ్రదికెను. వైద్యసంఘపు పుస్తకమునకు ప్రకటన వేయుటకుకూడ అనేక పత్రికలు నిరాకరించెను. ఖజానా ముద్రల సొమ్ము తినెను. 1912లో పార్లమెంటు విచారణ సంఘమును నియమించెను. దాని నివేదిక వెలువడిన దినము 1914 ఆగస్టు 4. ఆ దినమే బ్రిటను యుద్ధము ప్రకటించెను, నివేదిక మూలబడెను. మందులో నున్న సరుకును బయటపెట్టవలెనను చట్టము 1941వరకు రాలేదు. పన్నుముద్రయు అప్పుడే పోయెను. మన దేశములో క్యాన్సరు, మధుమేహము, పక్షవాతము మొదలగు వాటిని కుదుర్తుమను ప్రకటనలను 1954 నాటి చట్టము నిషేధించినది.

చట్టమున్నది గనుక నిద్రింపకుము, చదువరీ. నాడు గోడమీదను పత్రికలోను వినబడిన కేక నేడు నీ చేతిలోని ఫోనులో వినబడుచున్నది. గనుక మూడు ప్రశ్నలు నేర్చుకొనుము, నీ పిల్లలకు నేర్పుము. దీనిలో ఏమున్నది? ఒక్క మందు ఇన్ని రోగములను ఎట్లు కుదుర్చును? తగ్గనియెడల ఎవరు జవాబుదారి? జవాబు చెప్పగలవానియొద్ద కొనుము. చెప్పనివాడు ఎంత తియ్యగా మాటలాడినను, ఎవరి ఉత్తరము చూపినను, ఏ ముద్ర చూపినను, తలుపు మూసి, రోగిని వైద్యునియొద్దకు తీసికొనిపొమ్ము.