గీజరు మార్చేముందు గోడలోని వైరు చూడండి
మన అపార్ట్‌మెంట్‌లోని ఇంటి యజమానులకు, అద్దెకున్నవారికి విజ్ఞప్తి

చలి మొదలైతే చాలు, మన బ్లాకుల్లో ఏటా ఇదే వరస. ఒకరింట్లో గీజరు వేడెక్కదు, ఇంకొకరింట్లో స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోతుంది. వచ్చిన మెకానిక్ మూతైనా విప్పకుండా ‘పాతదైపోయిందమ్మా, కొత్తది పెట్టించుకోండి’ అంటాడు. పిల్లలకు స్కూలు టైమవుతోంది కాబట్టి మనమూ కొనేస్తాం. గోడలోని వైరు పాతదే, ఎర్తింగు సంగతి ఎవరికీ తెలియదు, కొత్త గీజరులోకి ఎక్కేదీ అదే బోరు నీళ్లు. ఈ పద్ధతి మానుకుందాం.

గీజరు మార్చాలా వద్దా అన్నది ముందు ట్యాంకును బట్టి తేల్చాలి. అడుగున తుప్పు చారలతో నీరు ఊరుతుంటే ట్యాంకు చిల్లు పడిందన్నమాట. దానికి అతుకు నిలవదు, మార్చాల్సిందే. అయితే వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వు దగ్గర నాలుగు చుక్కలు కారితే అది లీకు కాదు. పెరిగిన ఒత్తిడిని వాల్వు వదులుతోంది, దాన్ని ఎవరూ బిగించి మూసేయకూడదు. ట్యాంకు గట్టిగా ఉంటే మాత్రం తొందరపడొద్దు. లైటు వెలుగుతూ నీళ్లు చల్లగానే ఉంటే సాధారణంగా ఎలిమెంటో థర్మోస్టాటో పోయి ఉంటుంది. నీళ్లు పొగలు కక్కుతూ ఆగకుండా కాగుతుంటే థర్మోస్టాట్ అతుక్కుపోయి ఉంటుంది, వెంటనే ఆపేయండి. ఈ రెండూ విడిగా దొరికే సామానే. 2 కిలోవాట్ల ఎలిమెంట్ బాగుంటే మీటరు మీద సుమారు 26 ఓములు చూపించాలి. మీ ఎలక్ట్రీషియన్‌ను మెయిన్ ఆపి, మీ కళ్ల ముందే కొలవమనండి. మీరు మాత్రం విప్పవద్దు.

గీజరు లోపల బుడబుడ చప్పుడు వస్తోందా? అది మన బోరు నీళ్ల పని. విప్పి తీసిన ఎలిమెంట్‌ను ఒకసారి చూడండి. చుట్టూ తెల్లగా, గట్టిగా సున్నపు పెచ్చు కట్టి, లోపలి లోహం కనిపించదు. పుట్టిన వేడి నీళ్లలోకి దిగక ఎలిమెంట్ తనకు తానే మాడిపోతుంది. దాని పక్కనే యానోడ్ అనే మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. తుప్పును తాను భరించి ట్యాంకును కాపాడేది అదే. అది పూర్తిగా కరిగిపోయాక తుప్పు ట్యాంకు మీద పడుతుంది. ఏడాదికోసారి పెచ్చు తీయించి, కడ్డీ అరిగితే మార్పిస్తే మన నీళ్లకు కూడా గీజరు ఎక్కువ కాలం నిలుస్తుంది. మన ఇళ్లలో ఈ సర్వీసు చేయించేవారు అరుదు.

ఇక అసలు భయం. ఎంసీబీ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉన్నారు. ఎంసీబీ కాపాడేది వైరును. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది కాబట్టి దానికి 16 యాంపియర్ల ఎంసీబీ పెడతారు. తడి ఒంటి మీదుగా పోయే కరెంటు అందులో ఆవగింజంత కూడా ఉండదు, కానీ ప్రాణం తీయడానికి అది చాలు. ఎంసీబీకి అది తెలియనే తెలియదు. తెలిసేది ఆర్‌సీసీబీకి. 30 మిల్లీయాంపియర్లు దారి తప్పితే చాలు, రెప్పపాటులో కరెంటు కట్ చేస్తుంది. ఎలిమెంట్ పగిలి నీళ్లలోకి కరెంటు దిగిన రోజు మన పిల్లలను కాపాడేది ఆ చిన్న పెట్టె. స్విచ్ ఆపి స్నానం చేస్తున్నాం కదా అంటారు. ఫేజు, న్యూట్రల్ తారుమారైన ఇంట్లో స్విచ్ ఆపినా ఫేజు లోపలే ఉంటుంది. రెండు వైర్లనూ తెంచే డీపీ స్విచ్ పెట్టించుకోవాలి.

అందుకే కార్తీక మాసం రాకముందే అసోసియేషన్ సమావేశంలో ఈ తీర్మానం చేయాలని కోరుతున్నాం. అన్ని ఫ్లాట్లలో ఎర్తింగు ఒకేసారి కొలిపించాలి. ఆర్‌సీసీబీ లేని ఫ్లాటు ఉండకూడదు. అందరం కలిసి ఒకే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడుకుంటే కూలీ కూడా తగ్గుతుంది. గీజరు మార్చమనే మెకానిక్ ఏ భాగం పోయిందో కాగితం మీద రాసివ్వాలి.

అద్దె ఇళ్ల యజమానులకు ఒక మాట. వైరింగు, ఎర్తింగు, ఆర్‌సీసీబీ ఖర్చు మీదే. ఇల్లు మీది, ఆ నీళ్ల కింద నిలబడేది మీ ఇంట్లో అద్దెకున్న కుటుంబం. గీజరు పాడైందని వాళ్లు ఫోన్ చేస్తే ‘వచ్చే నెల చూద్దాం’ అనకండి. ఆ నెల రోజులూ వాళ్లు బకెట్లో హీటర్ రాడ్ వేసుకుంటారు, అది ఇంకా ప్రమాదం.

ఈ తీర్మానం కోసం సంతకాల కాగితం వాచ్‌మన్ గదిలో ఉంది. అద్దెకున్నవారూ సంతకం చేయవచ్చు.