నవ్వే విలన్, నిద్రపోని పిల్లవాడు

ఈమధ్య వచ్చిన ఉత్తరాలలో మూడు ఇంచుమించు ఒకే విషయం మీద ఉన్నాయి. రంగులు పూసుకున్న జోకరు ఆ మూడింటిలోనూ ఉన్నాడు. అందుకని ఈ వారం ఆ మూడింటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మావారు బొగ్గుగనిలో పనిచేస్తారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటారు. మాది రెండు గదుల ఇల్లు. అల్లరి చేయకుండా ఉంటాడని ఎనిమిదేళ్ళ మా బాబుకి సెల్‌ఫోను ఇస్తున్నాను. రెండు నెలలుగా వాడు ఒకే ఆట ఆడుతున్నాడు. అందులో చివర తెల్లమొహం, ఎర్రనోరు ఉన్న జోకరు పకపకా నవ్వుతూ వచ్చి చంపుతాడట. అప్పటినుంచి బాబు ఒంటరిగా పక్కగదిలోకి కూడా పోవడం లేదు. తెల్లవారుజామున కేకవేసి లేచి, జోకరు వచ్చాడని చెప్పి నన్ను గట్టిగా పట్టుకుంటాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. అయినా తెల్లారితే మళ్ళీ అదే ఆట కావాలంటాడు! మావారు "మగపిల్లవాడివి, సిగ్గులేదా" అని కోప్పడతారు. మా అత్తగారు గాలి సోకిందంటారు. అన్నం తినకపోతే "జోకరు వస్తాడు" అని నేనూ బెదిరిస్తుంటాను. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, గోదావరిఖని

జవాబు: అమ్మా, ముందు ధైర్యంగా ఉండండి. మీ బాబుకి పిచ్చీ లేదు, గాలీ సోకలేదు. వాడు భయపడ్డాడు, అంతే. ఆ భయానికి కారణం ఉంది, తగ్గే మార్గమూ ఉంది. తాయెత్తు కడితే మీ అత్తగారి మనసు కుదుటపడుతుందనుకుంటే కట్టనివ్వండి. కాని దానితో సరిపెట్టకండి.

నవ్వించవలసిన జోకరు ఎందుకు భయపెడతాడు? పసివాడు పుట్టిన కొద్ది వారాలనుంచే తల్లి ముఖం చూసి ఆమె కోపంగా ఉందో సంతోషంగా ఉందో నేర్చుకుంటూ వస్తాడు. రంగులు పూసిన ముఖం దగ్గర ఈ చదువు పనిచేయదు. నోరు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, లోపలి మనిషి ఏమనుకుంటున్నాడో తెలియదు. బ్రిటన్‌లో సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వారు 2023లో ప్రకటించిన పరిశోధనలో కూడా, విదూషకులంటే భయపడేవారు చెప్పిన కారణాలలో ముఖ్యమైనది ఇదే: ఆ రంగు వెనక ఉన్న భావం అర్థం కాకపోవడం. పైగా ఆ భయం పెద్దవాళ్ళలో కూడా కనిపించింది.

ఆటలు తయారుచేసేవారికి ఈ కిటుకు బాగా తెలుసు. అమెరికాలో బాట్‌మన్ బొమ్మల కథల్లోకి జోకరు అనే విలన్ 1940లోనే వచ్చాడు. 1994లో జపాన్‌లో వెలువడిన ఫైనల్ ఫాంటసీ ఆరవ ఆటలో కెఫ్కా అనే విదూషక వేషధారి నవ్వుతూ నవ్వుతూ లోకాన్నే నాశనం చేస్తాడు. 2006 నాటి డెడ్ రైజింగ్‌లో ఒక జోకరు రెండు చేతుల్లో మోటారు రంపాలు పట్టుకుని మీదికి వస్తాడు. అది పెద్దవాళ్ళకోసం చేసిన ఆట. ఇప్పుడు అటువంటి ముఖాలే సెల్‌ఫోనులో పిల్లల అరచేతిలోకి వచ్చి కూర్చున్నాయి.

మన తోలుబొమ్మలాటలోనూ కేతిగాడు వికారంగానే ఉంటాడు. కాని వాడిని చూసే పిల్లవాడు తల్లి ఒళ్ళో ఉంటాడు, చుట్టూ ఊరంతా నవ్వుతూ ఉంటుంది. మీ బాబు ఒక్కడే కూర్చుని, జానెడు దూరంలో ఆ ముఖం చూస్తున్నాడు. పైగా ప్రతిసారీ వాడి చేతిలో ఓడిపోతున్నాడు.

మరి మళ్ళీ అదే ఆట ఎందుకు కావాలంటాడు? నొప్పిపన్ను మీదికే నాలుక పోయినట్టు, మనసు కూడా భయపెట్టిన దాని చుట్టూనే తిరుగుతుంది. ఈసారైనా గెలిస్తే భయం పోతుందని వాడి ఆశ. ఆటలో ప్రతి అంకం చివర "బాస్" అనే బలమైన శత్రువును పెట్టేది కూడా అందుకే. ఓడినవాడు మళ్ళీ మొదలుపెట్టక మానడు.

ఇక చేయవలసినవి చెబుతాను.

ఆ ఆట తీసివేయండి. అయితే ఫోను లాక్కుని కాదు, బాబును పక్కన కూర్చోబెట్టుకుని వాడి వేలితోనే తీయించండి. ఇకమీద ఏ ఆటైనా ఫోనులోకి ఎక్కించేముందు దాని పేరు దగ్గర ఉండే 3, 7, 12, 16, 18 అనే వయసు గుర్తు చూడండి. అయిదు నుంచి పదేళ్ళ పిల్లలకు తెర ముందు కాలం రోజుకు రెండు గంటలకు లోపే ఉండాలని భారత పిల్లల వైద్యుల సంఘం సలహా. పడుకోవడానికి గంట ముందు ఫోను అసలు వద్దు.

మీవారి పగటి నిద్ర కూడా ముఖ్యమే, కాదనను. రాత్రంతా పనిచేసి వచ్చినవారికి ఆ నిద్ర లేకపోతే గనిలో ప్రమాదం. అందుచేత బడి లేని రోజున ఆ కొద్ది గంటలూ చప్పుడు లేని పనులు పెట్టండి: వామనగుంటలు, అష్టాచెమ్మా, బొమ్మలు గీయడం. లేదా ఇరుగుపొరుగు తల్లులతో కలిసి వంతులు వేసుకుని ఒక్కో రోజు ఒక్కరు పిల్లలందరినీ చూసుకోండి.

"జోకరు వస్తాడు" అనే మాట ఈ రోజుతో మానేయండి. లోకంలో వాడు నమ్మే మనిషి మీరు. వస్తాడని మీరే అంటే వాడికి ఇక అనుమానం ఏముంటుంది?

రాత్రి కేకవేసి లేచినప్పుడు దీపం వేసి, దగ్గరకు తీసుకుని, "నేనున్నాను" అనండి చాలు. కల సంగతి అప్పుడు అడగవద్దు. తెల్లవారాక ఆ జోకరు బొమ్మ గీయమనండి, తరవాత వాడికి మీసాలు పెట్టమనండి, చెవులకు జుంకాలు తగిలించమనండి. నవ్వు వచ్చిందంటే భయం సగం పోయినట్టే.

నాలుగైదు రోజులు పోయాక, పట్టపగలు, అద్దం ముందు వాడు చూస్తూండగా మీ ముఖానికే కాస్త పౌడరు, ముక్కుకు కుంకుమ పెట్టుకోండి. తరవాత కడిగేసుకోండి. ఆ రంగు కింద ఉన్నది అమ్మేనని వాడు కళ్ళారా చూడాలి. వద్దంటే అక్కడే ఆపండి, బలవంతం పనికిరాదు. పీర్ల పండుగకు పులివేషం చూసి పరుగెత్తిన పిల్లలే, వేషగాడు రంగు కడుక్కోవడం చూశాక వాడి దగ్గరకు పోతారు.

పక్క తడిపినందుకు తిట్టవద్దు, నలుగురిలో చెప్పవద్దు. భయంవల్ల ఇలా జరగవచ్చు. కాని భయమే కారణమని ఊరుకోకూడదు. మూత్రపరీక్ష చేయించండి, మలబద్ధకం ఉందేమో చూడండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, చిక్కిపోవడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. అది చక్కెరవ్యాధి కావచ్చు.

కొందరు పిల్లలు నిద్రపోయిన ఒకటి రెండు గంటలకే లేచి కూర్చుని అరుస్తారు. తల్లినే గుర్తుపట్టరు, తెల్లారి ఏమీ గుర్తుండదు. అది వేరు. అప్పుడు కుదిపి లేపకుండా, కిందపడకుండా చూస్తే చాలు. మీ బాబు తెల్లవారుజామున లేస్తున్నాడు, కల చెబుతున్నాడు కనుక ఇవి పీడకలలే.

నెల గడిచినా తగ్గకపోయినా, బడికి పోనని మొండికేసినా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల వైద్యునికి చూపించండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

మీవారికి నా మాటగా ఒకటి చెప్పండి. గనిలోకి కొత్తగా దిగేవాణ్ణి ఎవరూ ఒంటరిగా చీకట్లోకి తోసేయరు. ముందు శిక్షణ ఇస్తారు, నెత్తిన దీపం పెడతారు, అనుభవం ఉన్నవాణ్ణి పక్కన నడిపిస్తారు. భయపడ్డావా అని ఎగతాళి చేస్తే పని నేర్చుకోడు. బాబుకి కావలసిందీ అదే. సెలవునాడు తండ్రి పక్కన పడుకుని వాడికి నాలుగు మాటలు చెబితే, పది మందులకన్నా మేలు.

ప్రశ్న: ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్నాను. ఒక ఆటలో జోకరు బాస్‌ను ఓడించాలని రాత్రి రెండింటిదాకా మేలుకుంటున్నాను. అమ్మ నాది వ్యసనం అంటోంది. నిజంగా ఇది జబ్బా?
- ఒక విద్యార్థి, మంథని

జవాబు: ఎక్కువ ఆడినంత మాత్రాన జబ్బు కాదు, బాబూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన రోగాల పట్టికలో ఆటల వ్యసనాన్ని చేర్చింది. దానికి మూడు లక్షణాలు చెప్పింది. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం ఒకటి. తిండి, నిద్ర, చదువు, స్నేహాలకన్నా ఆటే ముఖ్యమైపోవడం రెండు. నష్టం కళ్ళకు కనిపిస్తున్నా కొనసాగించడం మూడు. ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉంటేనే వ్యసనం అంటారు.

నువ్వే పరీక్షించుకో. రెండు వారాలు రాత్రి పది దాటాక ఫోను అమ్మ గదిలో పెట్టు. పెట్టగలిగితే నీది చెడ్డ అలవాటు మాత్రమే. పెట్టలేక చిరాకు, కోపం, అబద్ధాలు మొదలైతే వైద్యుని సలహా తీసుకో, సిగ్గుపడకు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్‌లో ఇందుకోసమే 2014లో ప్రత్యేక క్లినిక్ పెట్టారు. ఒక్క మాట గుర్తుంచుకో. "ఇంకొక్కసారి" అనిపించేటట్టే ఆ బాస్‌ను తయారుచేశారు. వాణ్ణి ఓడించినా మరో ఆటలో మరొకడు సిద్ధంగా ఉంటాడు. పోయిన నిద్ర, దాటిపోయిన పరీక్ష మాత్రం మళ్ళీ రావు.

ప్రశ్న: మా మనుమరాలికి మూడేళ్ళు. పుట్టినరోజుకు జోకరు వేషం వేసినతణ్ణి పిలిపిస్తే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. భయం పోవాలని చుట్టాలు అతని చేతికిచ్చి ఫోటో తీశారు. అప్పటినుంచి కొత్తవారెవరు వచ్చినా దాక్కుంటోంది. ఇది పిరికితనమా?
- ఒక అమ్మమ్మ, సుల్తానాబాద్

జవాబు: పిరికితనం కాదమ్మా. ఆ వయసులో వేషానికీ నిజానికీ తేడా తెలియదు. బలవంతంగా చేతికివ్వడమే పొరపాటు. కొన్నాళ్ళు కొత్తవారి చేతికి ఇవ్వకండి. మీ ఒళ్ళో కూర్చుని దూరంనుంచి చూడనివ్వండి, తనంతట తాను దగ్గరకు పోయేదాకా ఆగండి. విదేశాలలో ఆసుపత్రుల్లో జబ్బు పిల్లలను నవ్వించే విదూషకులు ఉన్నారు. వారిలో మంచివారు గుమ్మం దగ్గరే ఆగి, రావచ్చా అని పిల్లలను అడుగుతారు, వద్దంటే వెళ్ళిపోతారు. మీ ఇంటికి వచ్చే చుట్టాలకు కూడా అదే పద్ధతి చెప్పండి. పిల్ల దానంతటదే మామూలవుతుంది.