మేనేజరు ఇష్టం పాలసీ కాదట!

రెండు గ్లాసుల పద్ధతి ఏ హోటల్ గోడ మీద రాసుందో చూపించండి. ఎక్కడా రాసుండదు. ఎవడి హోటల్లో వాడిష్టం! మరి ఊరూరా మాలమాదిగలకు వేరే గ్లాసే ఎట్లా వచ్చింది? ఈ ప్రశ్న మేం అమెరికా సుప్రీంకోర్టును అడుగుతున్నాం.

బెట్టీ డ్యూక్స్ నల్లజాతి స్త్రీ. 1994లో కాలిఫోర్నియాలోని పిట్స్‌బర్గ్ వాల్‌మార్ట్ దుకాణంలో చేరి, కస్టమర్ సర్వీస్ మేనేజరైంది. తర్వాత ఆమెను క్యాషియరుగా దించారు. అక్కణ్ణించి గుమ్మం దగ్గర వచ్చేపోయేవాళ్ళను పలకరించే పనికి దించారు. రూలు తప్పావన్నారు. తప్పలేదని ఆమె బుకాయించలేదు. అదే తప్పు చేసిన మగవాళ్ళను ఏమీ అనలేదని, తాను ఫిర్యాదులు పెట్టినందుకే కక్ష సాధించారని ఆమె వాదన.

2001లో ఆమె, మరికొందరు స్త్రీలు కలిసి దావా వేశారు. తమ కోసమే కాదు, ఆ కంపెనీలో పనిచేసిన సుమారు 15 లక్షల మంది ఆడవాళ్ళ తరఫున. దీన్నే అక్కడ క్లాస్ యాక్షన్ అంటారు. గంటల లెక్కన జీతమిచ్చే ఉద్యోగాల్లో ఆడవాళ్ళు 70 శాతం. మేనేజర్లలో 33 శాతమే!

2011 జూన్ 20న తీర్పొచ్చింది. జీతాలూ ప్రమోషన్లూ ఎక్కడికక్కడ మేనేజర్ల విచక్షణకు వదిలేశారు కాబట్టి అందర్నీ కలిపే ఉమ్మడి విధానమే లేదని జస్టిస్ స్కాలియా రాశాడు. పైగా వివక్ష కూడదని కంపెనీ పాలసీ ఉందట. రాసుకోడానికేం? మన రాజ్యాంగంలో 17వ అధికరణం రాసి లేదూ!

120 మంది వాంగ్మూలాలిస్తే, 12,500 మందికి ఒకటేగా అని తీసిపారేశారు. ఎందుకు ఒకటేనో మేం చెప్తాం. బెట్టీకి పట్టిన గతి చూశాక ఎవరు నోరిప్పుతారు? తెల్లారితే అదే మేనేజరు కింద పనికి పోవాలి. ఒంటరిగా ముందుకు రాలేనివాళ్ళ కోసమే కదా గుంపు దావా!

బకాయి జీతాలు ఆ పద్ధతిలో అడగడం కుదరదని 9 మంది జడ్జీలూ అన్నారు. అది వేరే సంగతి. ఉమ్మడి ప్రశ్న ఉందా లేదా అన్న అసలు ముడి దగ్గర మాత్రం 5–4గా చీలారు. ఆనాడు ఆ కోర్టులో ఉన్న ముగ్గురు ఆడ జడ్జీలూ ఆ నలుగురిలోనే ఉన్నారు. ఎక్కువమంది మగవాళ్ళే అయిన మేనేజర్లకు కొలతాబద్దా లేకుండా పెత్తనమిస్తే వివక్ష జరిగే ప్రమాదం పెరుగుతుందని జస్టిస్ గిన్స్‌బర్గ్ తేల్చి చెప్పింది. వినేదెవరు?

ఆ తర్వాత రాష్ట్రాలవారీగా చిన్న దావాలు వేసుకున్నారు. కాలిఫోర్నియాలో 2013లో అదీ క్లాస్ కాదన్నారు. 2017లో బెట్టీ చనిపోయింది. 15 లక్షల మందికి అన్యాయం జరిగిందా లేదా అన్న విచారణ మాత్రం ఈనాటికీ జరగలేదు.