గోడమీది తుపాకీ ఎవరిది?

పోయిన నెల నాన్న ఫోన్ చేసి, "అమ్మాయ్, ఇంట్లో పెట్టుకోవడానికి ఏ తుపాకీ మంచిదో కాస్త కనుక్కో. లైసెన్సుకు అర్జీ కూడా నువ్వే రాయాలి" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాను. నాన్న పరాచికాలాడే మనిషి కాదు.

మా పేట మీద జరిగిన ఒక దాడి కేసులో ఆయన సాక్షి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసు. కోర్టులో ఆయన సాక్ష్యం చెప్పాల్సిన రోజు దగ్గరపడుతోంది. కొన్ని రాత్రులుగా ఎవరో మోటారు సైకిళ్ల మీద వచ్చి, మా ఇంటి ముందు ఇంజను ఆపకుండా నిలబడి వెళ్తున్నారు. మాటా పలుకూ ఉండదు. హెడ్‌లైటు మాత్రం తలుపు మీదకు కొడతారు.

"వాళ్లింట్లో ఉంది కదా, మనింట్లో ఉంటే తప్పేంటి?" అన్నాడు నాన్న.

వాళ్లింట్లో ఉన్న మాట నిజం. నిందితుల పెద్దాయన వసారాలో డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటి గోడకు వేలాడుతుంటుంది. ఇంటి రక్షణకు, అడవి పందుల నుంచి పంట రక్షణకు అని తీసుకున్న లైసెన్సు. ఆ పొలం కౌలుకు చేసి, రాత్రిళ్లు మంచె మీద కాపలా కాసేది మాత్రం మావాళ్లు. వాళ్ల చేతిలో ఉండేవి టార్చి లైటు, రేకు డబ్బా, కర్ర. చిన్నప్పుడు కూలి డబ్బుల కోసం అమ్మ వెంట ఆ ఇంటికి వెళ్తే నా చూపు ముందు ఆ తుపాకీ మీదే పడేది. అది పేలగా నేనెన్నడూ వినలేదు. పేల్చాల్సిన అవసరమూ రాలేదు. కూలి తక్కువిచ్చినా ఎవరూ గొంతు పెంచకుండా ఉండటానికి అది గోడమీద ఉంటే చాలు.

నాన్న అడిగిన దానికి ముందు సూటిగా జవాబు వెతికాను. మన దేశంలో మామూలు మనిషికి ఇంటి రక్షణ కోసం దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి 12 బోర్ తుపాకీ. డబుల్ బ్యారెల్ అయితే రెండు తూటాలు, తర్వాత మళ్లీ నింపుకోవాలి. రెండు గదుల ఇంట్లో అంత పొడుగు తుపాకీని తిప్పడమే కష్టం. రెండోది 0.32 రివాల్వర్. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే తేలికపాటి రివాల్వర్‌ను మహిళల ఆత్మరక్షణ కోసమంటూ విడుదల చేసింది. అప్పుడే దాని ధర లక్షా 22 వేల రూపాయలకు పైన. కలుపు కూలికి వెళ్లే మా అమ్మ కూడా మహిళే. ఆ రివాల్వర్ తయారుచేసినవాళ్ల లెక్కలో ఆమె ఉందనుకోను.

ధర సంగతి అలా ఉంచి, ఇల్లు చూద్దాం. మా పేటలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పైన రేకులు, ముందు పలక తలుపు. చీకట్లో పేల్చిన గుండు ఎవరింట్లో నిద్రపోయే పిల్లకు తగులుతుందో చెప్పలేం. తుపాకీని, తూటాలను తాళం వేసి భద్రపరచాలని నియమాలు చెబుతాయి. మా ఇంట్లో తాళం పడేది ఒక్క ట్రంకు పెట్టెకే. అందులో నా సర్టిఫికెట్లు, అమ్మ పెళ్లి చీర ఉన్నాయి. అప్పులు, తాగుడు, పరీక్ష తప్పిన దిగులు మా పేటలోనూ ఉన్నాయి. బయటివాడి కోసం తెచ్చిన తుపాకీ ఇంట్లోవాళ్ల మీదకే తిరిగే ప్రమాదం ఉందని ఒక ఆడపిల్లగా నేను మరిచిపోలేను. ఇవన్నీ నాన్నకు చెప్పాను.

ఇంతవరకూ ఇది ఒక ఇంటి సంగతి. చట్టం తెరిచి చూస్తే ఇది ఒక్క ఇంటి సంగతి కాదని తెలిసింది.

1959 ఆయుధాల చట్టంలో 14వ సెక్షన్ ఒక మాట స్పష్టంగా చెబుతుంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. అడిగితే, ప్రజా ప్రయోజనానికి భంగమని భావిస్తే తప్ప, అర్జీదారుకు వాటిని తెలియజేయాలి. దాని మీద అప్పీలుకు కూడా వెళ్లవచ్చు. అయితే అర్జీ ముందుగా పోలీసు స్టేషన్ నివేదిక కోసం వెళ్తుంది. ఎఫ్‌ఐఆర్ రాయించుకోవడానికే మావాళ్లు రోజంతా కూర్చునే చోటు అది. ఆస్తి అడ్డు కాకూడదని చట్టం రాసింది. కులం అడ్డు కాకుండా ఆ స్టేషన్ గడప దాటించేది ఎవరు?

దానికీ ఒక సమాధానం కాగితం మీద ఉంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో 3వ నియమం ముందుజాగ్రత్త చర్యల గురించి చెబుతుంది. దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాలను రాష్ట్ర ప్రభుత్వం గుర్తించాలి. అక్కడ అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులను, వారి దగ్గరి బంధువుల, పనివాళ్ల, కుటుంబ మిత్రుల లైసెన్సులతో సహా రద్దు చేసి, ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. అక్రమ తుపాకులను స్వాధీనం చేసుకోవాలి. ఆ తర్వాత, ప్రాణాల, ఆస్తుల రక్షణ కోసం అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

ఈ వరుస గమనించండి. ముందు పెత్తందారు చేతిలోని తుపాకీ తీసుకోమంది. తర్వాతే బాధితుడి చేతికి ఇవ్వడం గురించి మాట్లాడింది. దళితులకు తుపాకులా అని టీవీ చర్చల్లో గుండెలు బాదుకునేవాళ్లు ఆ మొదటి సగం గురించి ఎన్నడూ నోరెత్తరు. మనలో ఆవేశపరులు కూడా కొందరు రెండో సగమే పట్టుకుంటారు. నా దృష్టిలో అసలు పోరాటం మొదటి సగం కోసం జరగాలి.

ఎందుకంటే ఒక్క తుపాకీ ఒక్క ఇంటిని కాపాడుతుందని మన చరిత్ర చెప్పదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపింది గుంపు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలలను చంపింది గుంపు, అదీ ఊళ్లో పోలీసులు ఉండగానే. 1997 డిసెంబరు 1న బీహార్‌లోని లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మందిని చంపింది. ఆ కేసులో కింది కోర్టు దోషులుగా తేల్చిన 26 మందినీ 2013లో పాట్నా హైకోర్టు విడుదల చేసింది. చుండూరు కేసులోనూ 2014లో హైకోర్టు శిక్షలు కొట్టేసింది. ఇలాంటి గుంపు ముందు రెండు తూటాల తుపాకీ ఎంతసేపు నిలుస్తుంది?

ఇంకో చిక్కు ఉంది. ప్రాణ రక్షణ హక్కు చట్టంలో ఉంది. పాత ఐపీసీలో ఉన్నట్టే భారతీయ న్యాయ సంహితలోనూ 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. అవసరానికి మించి హాని చేయకూడదు. ఆ అవసరం ఎంతో తర్వాత తేల్చేవాళ్లు పోలీసులు, కోర్టులు. అట్రాసిటీ కేసు పెట్టగానే కౌంటర్ కేసు పుట్టుకొచ్చే ఊళ్లలో, మా నాన్న ఒక్క గుండు పేలిస్తే సాక్షి కాస్తా నిందితుడు కావడానికి ఒక్క రాత్రి చాలు.

అలాగని దళితుడికి ఆయుధం ఎందుకు అనే మాటతో నేను ఏకీభవించను. 1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఈ దేశపు శ్రామిక కులాలు ఇంతకాలం ఎందుకు తిరగబడలేదని ప్రశ్న వేసుకుని, చాతుర్వర్ణ్యం వారికి ఆయుధం పట్టే హక్కు లేకుండా చేసిందని జవాబిచ్చారు. భౌతిక, రాజకీయ, నైతిక ఆయుధాలు మూడింటినీ వారికి దక్కనివ్వలేదన్నారు. ఆయన తండ్రి సైన్యంలో సుబేదారు. మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేసిన బ్రిటిష్ విధానం ఒక జాతిని ఎంత దెబ్బతీసిందో ఆయనకు ఇంట్లోనే తెలుసు. 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పాటైంది.

అదే బాబాసాహెబ్ 1927 మార్చిలో మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగిన తర్వాత తన మనుషుల మీద దాడి జరిగితే, ప్రతిదాడి చేయవద్దన్నారు. చేయలేక కాదు. ఆ సభకు వచ్చినవారిలో మాజీ సైనికులు ఉన్నారు. కేసు నడిచింది, దాడి చేసినవారిలో కొందరికి జైలు శిక్ష పడింది. చేయగలిగీ ఆగడం వేరు, చేతులు కట్టేస్తే ఆగడం వేరు. అమెరికాలో 1956లో మాంట్‌గోమరీలో తన ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ వెంట ఉంచుకోవడానికి అనుమతి అడిగారు. స్థానిక అధికారులు ఇవ్వలేదు. తర్వాత ఆయన తుపాకీ వద్దని తానే నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం ఆయన గొప్పతనం. కానీ ఆ నిరాకరణ మాత్రం ఆ అధికారుల జాతి వివక్షే.

ఇక ప్రభుత్వం దగ్గరకు వద్దాం. తుపాకులు జమ చేయించడం చాలా కష్టమైన పని అంటారు. నిజమా? ఎన్నికల ప్రకటన రాగానే ఏం జరుగుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. లైసెన్సు తుపాకులు స్టేషన్లలో జమ చేయాలని నోటీసులు వెళ్తాయి. పెద్దాయన గోడమీది తుపాకీ కూడా జీపెక్కి వెళ్తుంది, ఫలితాలు వచ్చాక తిరిగొస్తుంది. ఓటు పెట్టెకు ఆ తుపాకీ వల్ల ప్రమాదమని రాజ్యానికి అర్థమవుతుంది. సాక్షి ప్రాణానికి ప్రమాదమని మాత్రం అర్థం కాదు!

ఎవరి చేతుల్లో ఉందో తెలియదనీ అనలేరు. 2016 చివరి నాటికి దేశంలో 33.69 లక్షల ఆయుధ లైసెన్సులు ఉన్నాయని, అందులో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయని కేంద్ర హోంశాఖ లెక్క. జిల్లాల్లో సాధారణంగా లైసెన్సు ఇచ్చేది కలెక్టరు. అత్యాచారాల నిరోధక చట్టం అమలును సమీక్షించే జిల్లా విజిలెన్స్ కమిటీకి అధ్యక్షుడూ కలెక్టరే. మూడు నెలలకోసారి ఆ కమిటీ కూర్చోవాలి. తుపాకుల జాబితా, అట్రాసిటీ కేసుల జాబితా రెండూ ఆ ఒక్క బల్ల మీదే ఉంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటమే జరగాల్సిన పని.

అందుకే రెండు అర్జీలు రాశాను. మొదటిది, నిందితుల కుటుంబం లైసెన్సు మీద 3వ నియమం కింద చర్య తీసుకోవాలని, చట్టంలోని 15ఏ సెక్షన్ ప్రకారం సాక్షికి రక్షణ కల్పించాలని. రెండోది, నాన్న పేరు మీద ఆయుధ లైసెన్సు కోసం. లైసెన్సు వస్తే తుపాకీ కొనడం నాకు ఇష్టం లేదు, ఆ మాట నాన్నతోనూ అన్నాను. కానీ ఈ అర్జీకి ప్రభుత్వం జవాబు చెప్పి తీరాలి. ముప్పు ఉందని ఒప్పుకుంటే రక్షణ ఇవ్వాలి. లేదంటే ఆ మాట కాగితం మీద సంతకంతో రాయాలి. రేపు ఏదైనా జరిగితే ఆ కాగితమే మాట్లాడుతుంది. విధి నిర్వహణలో ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేసే ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి జైలు శిక్ష వేయవచ్చని అదే చట్టం 4వ సెక్షన్ చెబుతోంది.

అట్రాసిటీ కేసు నడుస్తున్న ప్రతి ఊరి నుంచీ ఇలాంటి అర్జీలు వెళ్లాలి. 3వ నియమం కింద ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు, ఎన్ని ఇచ్చారు అని ప్రతి జిల్లాలో సమాచార హక్కు కింద అడగాలి. అన్ని జవాబులూ సున్నా అయితే ఆ సున్నాలే మన సాక్ష్యం.

అర్జీలో ఏ ఆయుధం కావాలో రాసే గడి ఉంటుంది. నాన్న ఫోన్‌లో, "అక్కడ ఏం రాశావమ్మా?" అన్నాడు. 12 బోర్ అని రాశానని చెప్పాను. కాసేపు ఊరుకుని, "ముందు ఆ మొదటి కాగితం ఇచ్చొస్తా, రసీదు కూడా తీసుకుంటా" అన్నాడు.

జై భీమ్.