పాత ఫ్లాటు, పరిమితమైన పైకము

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇంకొకరు పదిహేనేళ్ళు కాపురమున్న ఫ్లాటును కొని బాగుచేసి చూడమని వారు అనలేదు. ఆనాడు ఆ అవసరం లేకపోయింది. ఈనాడు ఆనేకల్ తాలూకాలోని మన కుటుంబాలలో ఆ అవసరం కనబడుతున్నది. తాతలనాటి ఇండ్లు వాటాలు పడి గదులుగా మిగిలినవి. పిల్లల ఉద్యోగాలు ఎలక్ట్రానిక్ సిటీలోనో, జిగణిలోనో. 2025 ఆగస్టు 10న మెట్రో పసుపు మార్గం బొమ్మసంద్ర దాకా వచ్చింది. కొత్త ఫ్లాటు ధర వింటే గుండె జారుతుంది. అందువల్ల చందాపుర, అత్తిబెలె ప్రాంతాలలో పాత ఫ్లాట్లను చూచి వచ్చి, “తీసుకోవచ్చునా?” అని మమ్ము అడిగేవారు పెరిగారు.

తీసుకోవచ్చును. కాని ఒక సంగతి గమనించాలి. పాత ఫ్లాటులో కంటికి కనబడే లోపాలన్నీ చవక. వెలిసిన రంగు, పగిలిన పలక, విరిగిన గడియ, వీటికి భయపడనక్కరలేదు. కనబడనివే కొంప ముంచుతాయి. చాలామంది కనబడేవాటిని చూచి బేరం చేసి, కనబడనివాటిని కొని తెచ్చుకొంటారు.

కనబడనివాటిలో మొదటివి కాగితాలు. చందాపుర, హెబ్బగోడి, బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె ఒకప్పుడు పంచాయితీలు. ఇప్పుడు పురపాలక సంస్థలు. రాగి చేలల్లో లేచిన భవనాలెన్నో పంచాయితీ కాలంనాటివి. ఆ నేల వ్యవసాయ భూమి నుండి సక్రమంగా మార్పిడి అయినదా, నక్షాకు ఆమోదం ఉన్నదా అని ముందు చూడాలి. పంచాయితీ పరిధిలో ‘ఇ-స్వత్తు’ ద్వారా ఇచ్చే 9వ నమూనా, 11వ నమూనా ఉంటే కొంత ధైర్యం. 11-బి మాత్రమే చూపితే అక్కడ ఆగి వకీలును అడగండి. పన్ను కడుతున్నామనే రసీదు హక్కుకు రుజువు కాదు. ముప్ఫయి ఏండ్ల ఇ.సి. తీయించండి. అమ్మేవారి అసలు పత్రాలు ఏ బ్యాంకులోనైనా తాకట్టున్నవా, భూమిలో మీకు వచ్చే అవిభాజ్యపు వాటా ఎన్ని చదరపు అడుగులు, సంఘానికి బకాయి ఉన్నదా, ఇవన్నీ బయానాకు ముందే తేలాలి. భవనం పాతబడేకొద్దీ గోడల విలువ తగ్గుతుంది. నిలిచేది ఆ నేల వాటాయే.

రెండవది డబ్బు లెక్క. ఫ్లాటు వెల 30 లక్షలనుకొందాము. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు అప్పుకు బ్యాంకు ఆస్తి విలువలో 90 శాతం మించి ఇవ్వరాదు. ఆ విలువ కూడ బ్యాంకు తాను కట్టిన అంచనాయే గాని మీ బేరం కాదు. పాత భవనానికి అది తగ్గవచ్చును. పూర్తిగా వచ్చినదనుకొన్నా 3 లక్షలు మీ చేతివి. స్టాంపు సుంకం 5 శాతం, దానిపై సెస్సు, సర్‌ఛార్జి; 2025 ఆగస్టు 31 నుండి రిజిస్ట్రేషను రుసుము 2 శాతం. అన్నీ కలిపి సుమారు 7.6 శాతం, అనగా 2 లక్షల 28 వేలు. దీనిని బ్యాంకు అప్పులో చేర్చదు. బాగుచేతకు 3 లక్షలు వేసుకొంటే, చేతిలో 8 లక్షలకు పైగా ఉండాలన్నమాట. మూడు లక్షలు పెట్టుకొని బయలుదేరినవారు మిగతా అయిదు లక్షలకు ఇల్లాలి గాజులవంకనో, పెద్దవారి వైద్యానికి దాచిన సొమ్మువంకనో చూడవలసి వస్తుంది.

మూడవది నీరు. ఆనేకల్ తాలూకాలో భూగర్భ జలాన్ని మితి మీరి తోడుతున్నారు. బోరు ఎన్ని అడుగులు, వేసవిలో టాంకరుకు నెలకెంత అయినదని కావలివానిని, ఇరుగుపొరుగు ఆడవారిని అడగండి, అమ్మేవారిని కాదు. 2024 వేసవిలో మీరెట్లా గడిపారన్న ఒక్క ప్రశ్న చాలు. ఉప్పు నీరైతే పాత ఇనుప గొట్టాలలో పాచి, తుప్పు పేరుకొని ధార సన్నబడుతుంది. కుళాయిలన్నీ ఒకేసారి విప్పి చూడండి.

ఫ్లాటును వర్షాకాలంలో చూడడం మంచిది. బెంగుళూరు ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు మాసాల వానలు జోరైనవి. స్నానాల గది కప్పున, కిటికీల కింద, మూలలలో చెమ్మ ఆ రోజులలో దాగదు. కొత్తగా రంగు కొట్టిన గోడ ఒక్కటే ఉంటే, అదే గోడను ఎక్కువగా అనుమానించండి. దూలాలలో, స్తంభాలలో కాంక్రీటు పెచ్చులూడి ఇనుము కనబడితే ఇంజనీరు చూడనిదే అడుగు వేయరాదు.

ఇక బాగుచేత. గొట్టాలు, స్నానాల గది చెమ్మ ఆపుట, కరెంటు తీగలు, ఎర్తింగు, ప్రాణరక్షణకు ఆర్.సి.సి.బి.: ఇవి ముందు, ఎందుకంటే ఇవన్నీ గోడలు, నేల తవ్వి చేసేవి. వంటింటి చప్టా, బీరువాలు తరువాత. రంగు కట్టకడపట. మొజాయిక్ నేల ఉంటే పీకవద్దు, పాలిషు పట్టించండి. పాత టేకు తలుపులను ఒరిపిడి పెట్టి వార్నీషు వేస్తే ఈనాటి తలుపులకంటె గట్టివి. గది పెద్దదవుతుందని గోడ కొట్టించేముందు అది బరువు మోసే గోడా కాదా తెలుసుకోవాలి. పైవాని కాపురం కూడ దానిమీదనే ఉన్నది.

మేస్త్రీతో మాట కాగితంమీద ఉండాలి. పని జరిగినకొద్దీ సొమ్ము ఇవ్వండి; పదోవంతు ఒక వాన చూచిన తరువాత ఇవ్వండి. అంచనాపై నూటికి పదిహేను రూపాయలు ప్రత్యేకంగా దాచండి. పాత గోడ తవ్వితే ఏదో ఒకటి బయటపడక మానదు.

సొమ్ము చాలకపోతే రంగు, బీరువాలు వచ్చే యేటికి వాయిదా వేయవచ్చును. గోడలు వెలిసివున్నా పాలు పొంగించుకొని గృహప్రవేశం చేసినవారు మనలో ఎందరో ఉన్నారు. కాగితాలు, నీరు, కరెంటు మాత్రం వాయిదాకు వచ్చేవి కావు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తృప్తిగా లేకున్నా, ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా, బయానా ఇవ్వకుండా తిరిగి రండి. ఇల్లాలికి నచ్చిన ఇల్లు వదులుకొనడం ఆ సాయంత్రానికి కష్టమే. చిక్కులో ఉన్న ఇంటికి ఇరవై యేండ్లు వాయిదాలు కట్టడం అంతకంటె కష్టం.